జేబులో మూడు ఫ్యూజులు

బావ వెల్డింగ్ మెషిన్ కొన్నాడు. దానికి కారు షెడ్డులో త్రీఫేజ్ సాకెట్ బిగించమని ఎలక్ట్రీషియన్‌నైన నన్ను పిలిచాడు. హాల్లోని మెయిన్ బోర్డులో మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను. అక్క పెరట్లో ఉంది, ఆమెకు చెప్పలేదు. అరగంట నుంచి బావ నా నెత్తిమీదే నిలబడి ప్రాణం తోడేస్తున్నాడు.

గోడలోంచి వచ్చిన తీగల కొసలు ఒలిచాను. సాకెట్‌లో దూర్చబోతూ ఆగి, టెస్టర్ తీశాను.

"ఫ్యూజులు జేబులో పెట్టుకుని కూడా భయమేంట్రా? కానీ, కానీ!" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. ఆయన నోరు మూయించడానికే టెస్టర్‌ను తీగకు ఆనించాను.

ఎర్రగా వెలిగింది.

చెయ్యి వెనక్కి లాక్కుని జేబు తడుముకున్నాను. మూడూ ఉన్నాయి. బావ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

అప్పుడే హాల్లోంచి అక్క కేకేసింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఫ్యాన్ తిరగట్లేదని చూస్తే బోర్డులో ఫ్యూజులే లేవురా. మీ బావ అలమరాలో దాచినవి మూడూ పెట్టేశాను. పనిలో ఉన్నావు, మళ్లీ నీకెందుకు శ్రమ అని!"