నడుం వంచడం

జగన్‌మోహన్ హైదరాబాదులో ఇరవై రోజులు ఆసనాలు నేర్చుకుని వచ్చి జహీరాబాదులో గురువైపోయాడు. ఎనభై మూడులో సంగతి. బడి మైదానంలో పొద్దున్నే పదిమందిమి చాపలు పరుచుకునేవాళ్ళం. ఆయన మెడలో ఈల వేలాడేది. ఆసనాలకు ఈల ఎందుకో ఈనాటికీ నాకు తెలియదు.

నేను రేవణసిద్ధప్పను, బెల్లం దుకాణంలో ముప్పై ఏళ్ళుగా కుర్చీకి అతుక్కుపోయినవాణ్ణి. చెప్పులు తొడుక్కోవాలన్నా ఎవరినో పిలవాలి. అలాంటివాణ్ణి మైదానానికి వెళ్ళానంటే మా మనవరాలి కోసం. నెల తిరిగితే పిల్లకు లింగధారణ. మా ఇంటి ఆచారం ప్రకారం తాత నేల మీద బాసింపట్టు వేసుకుని పిల్లను ఒళ్ళో పెట్టుకోవాలి. నా వల్ల కాకపోతే తాను కూర్చుంటానని మా బావమరిది గురులింగప్ప అప్పుడే పట్టుపంచె ఇస్త్రీ చేయించాడు. వాడి ఒళ్ళో నా మనవరాలా? ఆ ఊహకే ఒళ్ళు మండింది.

మొదటి రోజే జగన్‌మోహన్ ఈల ఊది కాలివేళ్ళు అందుకోమన్నాడు. నా చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. ఆ మహానుభావుడు వెనకనుంచి వచ్చి వీపు మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. రెండు రోజులు మంచం దిగలేదు. ఆయనే చూడడానికి వచ్చి, అది మంచి నొప్పేనని చెప్పి, చాయ్ తాగి పోయాడు.

మూడో రోజు మా అల్లం చేలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కలుపు తీస్తున్న నారమ్మతో నడుం వంచడం ఎంత కష్టమో నీకేం తెలుసన్నాను. అరవై దాటిన మనిషి. తల ఎత్తకుండానే అంది.

"ముప్పై ఏండ్ల సంది మీ నడుం గూడ నేనే వంచుతున్న పటేలా."

కూలిమనిషికి ఎంత నోరు అనుకున్నాను. అయినా గురులింగప్ప పట్టుపంచె గుర్తొచ్చి, ఏం చేయాలని ఆమెనే అడిగాను.

"ఒక్కపారే నేలకు దిగొద్దు. నాలుగు గోనెసంచులు మడతేసి కూసోర్రి. వారానికొకటి తీసెయ్యిర్రి. నొప్పైతే ఆడనే ఆగుర్రి."

ఇదీ ఒక విద్యేనా అని నవ్వుకుంటూనే దుకాణం వెనక తలుపు వేసుకుని రోజూ కూర్చున్నాను. మొదట్లో కాళ్ళు మడతపడనని మొరాయించాయి. వారం వారం ఒక్కో సంచీ తీసేశాను. నాలుగో సంచీ తీసిన రోజు చల్లటి బండ తగిలింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడ్చాను.

లింగధారణనాడు పిల్ల నా ఒళ్ళోనే ఉంది. జంగమయ్య లింగం కట్టేదాకా కదలకుండా కూర్చున్నాను. తర్వాత భోజనాల దగ్గర గురులింగప్ప ముఖం మాడ్చుకుని, ఇదంతా ఎవరి మహిమ అని అందరి ముందూ అడిగాడు. నారమ్మ గుమ్మం పక్కనే నిలబడి ఉంది. చదువుకున్న చుట్టాల మధ్య ఆమె పేరు నా నోట రాలేదు.

"జగన్‌మోహన్ సారు" అన్నాను.

పంక్తి చివరినుంచి జగన్‌మోహన్ సిగ్గులేకుండా నమస్కారం పెట్టాడు. అతణ్ణి ఏమనాలి, నాకన్నా నయం.

"సారు మంచిగ నేర్పిండు పటేలా" అని నారమ్మ ఎంగిలి విస్తళ్ళు తీయడానికి నడుం వంచింది.