డబ్బాలో వేయని మాత్రలు

"ఇంకా నూట ఎనభై దుప్పట్లున్నాయి. లాడ్జి బండి నాలుగింటికల్లా వచ్చేస్తుంది" అని మేస్త్రి మూడోసారి కేకేసి వెళ్ళాడు. మడతల బల్లకి ఈ చివర మడతలక్క, ఆ చివర బక్కమ్మ. చెరో రెండు కొసలూ పట్టుకుని దులపాలి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. లాండ్రీలో ఆ ఇద్దరిదీ ఆరేళ్ళుగా ఇదే నడక. భర్త పోయి తొమ్మిదేళ్ళయిన మడతలక్కకి ఇంటికెళ్తే పలకరించడానికి గోడలే దిక్కు. రోజు మొత్తం మీద ఆవిడ దగ్గరగా చూసే మొహం, దుప్పటి కొసలు కలిసినప్పుడు ఎదురుపడే బక్కమ్మ మొహం ఒక్కటే.

ఈవేళ బక్కమ్మ ఆ మొహం ఎత్తడం లేదు.

"పాపకి తగ్గలేదా?" అని అడిగింది మడతలక్క.

"లేదక్కా. మూడు రోజులైంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. గొంతు నొప్పని మంచినీళ్ళు కూడా మింగట్లేదు."

"డాక్టరుకి చూపించకపోయావా?"

"ఎప్పుడు చూపించను? మొన్న మా అత్తకి బాగోలేదని ఒక రోజు మానేస్తే రెండు రోజుల కూలి కోసాడు ఈ మేస్త్రి. ఇప్పుడు మళ్ళీ సెలవంటే పనిలోంచే పొమ్మంటాడు."

మడతలక్క గోడ వైపు చూసింది. గడియారం రెండు చూపిస్తోంది. చేతిసంచిలోంచి మాత్ర ఒకటి తీసి, అటు తిరిగి, గబుక్కున నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. దొంగతనం చేస్తున్నట్టుంది ఆవిడకి. తన ఒంటికి, తన కూలితో కొనుక్కున్న మందు మింగడానికి ఇంత చాటు దేనికో తెలియాలంటే ఆ షెడ్డులోని డబ్బా సంగతి చెప్పుకోవాలి.

మంచినీళ్ళ కుండ పైన, అలమరలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. పేరు ధర్మాసుపత్రి. సోడా నీళ్ళ తొట్టి దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉతుకుతున్న పెద్దమ్మ పెట్టిన డబ్బా అది. జబ్బు చేసి మందులు కొన్నవాళ్ళు రెండు రోజులు వాడి, కాస్త తేరుకోగానే మిగిలినవి అందులో వేసేయాలి. తరవాత జబ్బుపడ్డవాళ్ళకి పెద్దమ్మ రంగు చూసి ఇస్తుంది. పసుపుది చీముకి, ఎర్రది జ్వరానికి, సగం నీలం సగం తెలుపుది దగ్గుకి. "రంగు చూసి ఇచ్చేదానికి అంతంత చదువులెందుకర్రా" అని ఆవిడే నవ్వించేది. అందరూ బీదవాళ్ళే, ఒకరికొకరు పెట్టుకునే చేతులే. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే వచ్చిన చిక్కు. మేస్త్రికి మాత్రం ఆ డబ్బా అంటే మహా ముచ్చట. "మీ ఐకమత్యం చూసి నేర్చుకోవాలి" అంటాడు. ముచ్చట కాక మరేమిటి, అది ఉన్నన్నాళ్ళూ సెలవడిగేవాళ్ళు లేరు మరి.

నెల కిందట దుప్పట్లో ఎవరో మర్చిపోయిన గుండుసూది మడతలక్క బొటనవేలికి దిగింది. వేలు వాచి చీము పట్టింది. పెద్దమ్మ పసుపువి ఆరిచ్చింది. రెండు రోజులకి వాపు తీసింది, మూడోనాడు మడతలక్క మిగిలినవి మళ్ళీ డబ్బాలో వేసేసింది. పది రోజులు తిరక్కుండా గోరుచుట్టు మీద రోకటిపోటులా మళ్ళీ వాచింది. డబ్బా మందు మళ్ళీ మింగితే ఈసారి ఏమీ కాలేదు. మోచేతి దాకా ఎర్రటి గీత పాకాక, చలిజ్వరంతో ఆస్పత్రికి పరిగెత్తింది.

అక్కడి డాక్టరమ్మ వేలు కోసి చీము తీసి, కట్టు కడుతూ అంతా అడిగింది. డబ్బా సంగతి విని తల పట్టుకుంది.

"తగ్గింది నొప్పమ్మా, లోపలున్న క్రిములు కాదు. సగంలో వదిలేస్తే మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి, అవి ఆ మందుకి లొంగకపోవచ్చు కూడా. ఇవి ఇరవైయొకటి. ఎనిమిది గంటలకొకటి, ఏడు రోజులూ వేసుకోవాలి. తగ్గిపోయినట్టున్నా సరే మానకు. దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా వెంటనే రా. ఇవి నీ వేలికి రాసినవి. ఇంకొకరికి ఇవ్వకు, ఇంకొకరివి మింగకు. మళ్ళీ తిరగబెట్టి ఎముక దాకా పోతే వేలు తీసేయాల్సొస్తుంది."

వేలు పోతే దుప్పటి కొస పట్టేదెలా? మడతలక్కకి చేతనైన పని అదొక్కటే. అందుకే నిన్నటి దాకా "ఇంకా సలుపుతోంది" అని అబద్ధమాడుతూ వచ్చింది. ఈవేళ నాలుగో రోజు. చేతిలో పది మిగిలాయి.

దుప్పటి మడతపెడుతూ బక్కమ్మ గొంతు తగ్గించింది.

"అక్కా, నీ వేలు తగ్గింది. పొద్దుట్నించీ చూస్తున్నాను, గట్టిగానే లాగుతున్నావు. ఆ మిగిలినవి నా పిల్లకిస్తావా?"

మడతలక్క చెయ్యి పక్కనున్న సంచి మీదికి పోయింది.

"అవి వేలికిచ్చినవే బక్కమ్మా. పాపకొచ్చింది ఏ జ్వరమో ఏమో. అసలు వాటికి తగ్గేదో కాదో. చిన్నపిల్లకి నా బిళ్ళలు ఎలా ఇస్తాం?"

"సగం చేసి ఇస్తాను."

"వద్దు. పని కాగానే ఆస్పత్రికి తీసుకెళ్దాం, నేనూ వస్తాను. ఆరింటి దాకా చూస్తారక్కడ. చీటీకి డబ్బులు నేనిస్తాను."

"నీ డబ్బులెవరడిగారు?" బక్కమ్మ కొసలు వదిలేసింది. దుప్పటి నేల మీద పడింది. "మొన్న పెద్దమ్మ నీకిచ్చిన పసుపువి ఎవరివనుకున్నావు? నేను వేసినవే. నా చెవిపోటుకి కొనుక్కుని, నాకు చాల్లే అని వేసాను."

ఆ మాటకి మడతలక్కకి తల కొట్టేసినంత పనయింది.

తొట్టి దగ్గర్నించి పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వెనకాల ఇస్త్రీవాళ్ళు ఇద్దరు. పెద్దమ్మ అలమరలోంచి డబ్బా తెచ్చి, మూత తీసి బల్ల మీద పెట్టింది.

"వేసేయవే తల్లీ. పసిపిల్ల ప్రాణం మీదికొచ్చింది."

"వేయను పెద్దమ్మా."

షెడ్డులో ఆ మాట ఇంతకుముందు ఎవరూ అనలేదు. అన్న మనిషి చెయ్యి సంచి మీంచి కదల్లేదు.

"అవి వేస్తే నా వేలు పోతుంది. వేసినా ఆ పిల్లకి మేలు జరుగుతుందని నమ్మకం లేదు. ఆ డబ్బాలోవి కూడా ఇవ్వకు. ఏది ఏ మందో, ఎన్నాళ్ళ కిందటిదో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. ముప్ఫై ఏళ్ళ మంచితనాన్ని ఒక్క మాటతో తీసిపారేస్తే ఎవరికి మాత్రం నొప్పి ఉండదు? "అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని, ఎర్రవి నాలుగు ఏరి బక్కమ్మ కొంగున పెట్టింది. బక్కమ్మ అవి ముడేసుకుని, బల్ల వదిలి ఇస్త్రీ వైపు వెళ్ళిపోయింది. మిగిలిన దుప్పట్లు మడతలక్క ఒక్కతే బల్ల మీద పరిచి మడతపెట్టింది. ఒక్కరూ కొస అందుకోలేదు.

బండి వెళ్ళేసరికి అయిదైంది. రోజూ సందు మొగ దాకా కలిసి నడిచే మనిషి చెప్పకుండానే వెళ్ళిపోయింది. మడతలక్క తన గదికి వెళ్ళలేదు. వెనకాలే వెళ్ళి బక్కమ్మ వాకిట్లో నిలబడి తలుపు కొట్టింది.

"బక్కమ్మా, నేనే. ఇంకా ముప్పావుగంట టైముంది. పిల్లని నేనెత్తుకుంటాను. కనీసం ఆ ఎర్రవి వేయకుండా ఉండు, డాక్టరమ్మకి చూపించాక వేద్దువుగాని."

లోపల గ్లాసు చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టింది. కాసేపటికి పిల్ల గొంతు, నీరసంగా, బొంగురుగా వినిపించింది.

"అమ్మా, ఎవరే బయట?"

"ఎవరూ లేరు, పడుకో."

ఆ మాట మడతలక్కకి తలుపుకి ఇవతల స్పష్టంగా వినిపించింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది. వెళ్ళిపోదామనుకుంది కూడా. వెళ్ళకుండా గడప ముందు మెట్టు మీద కూర్చుని, ఇంకోసారి తలుపు కొట్టింది.