రమ్మీ గది, పోకర్ గది

గ్లెనిస్ రొట్టెముక్కలకి వెన్న రాస్తుంటే వెనక వరండాలోంచి మగవాళ్ళ నవ్వు వినిపించింది. శనివారం మధ్యాహ్నం. చెరకు మిల్లులో పనిచేసి రిటైరైన ఆమె భర్త నెవిల్, అతని పాత స్నేహితులు అగ్గిపుల్లలు పందెం కాసి పోకర్ ఆడుతున్నారు. గ్లెనిస్ పళ్ళెం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, నిండిన యాష్‌ట్రే తీసి ఖాళీది పెట్టింది.

"క్లబ్బులో పేకాట నేర్పుతారట, బుధవారాలు. ఒక గదిలో రమ్మీ, ఇంకో గదిలో పోకర్. రెండూ ఒకే వేళకి," అంది. అడుగుతున్నట్టూ కాదు, చెబుతున్నట్టూ కాదు.

"రమ్మీకెళ్ళు," అన్నాడు నెవిల్ ముక్కల్లోంచి తలెత్తకుండా. "నీకు పోకరేంటి గ్లెన్? నీ మొహం చూస్తే ఫ్రిజ్‌లో ఎన్ని బీర్లు మిగిలాయో చెప్పెయ్యొచ్చు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అలా నవ్వినందుకే వంటింట్లోకొచ్చాక సిగ్గేసింది. మాట పడ్డందుకు కాదు. పెళ్ళైన కొత్తలో సరదాకి ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చుంది. నెవిల్ ఆమె గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి, "చూడండ్రా, కర్టెన్లు లేని ఇల్లు," అన్నాడు. అప్పుడూ నవ్వింది. తను పనిచేసే మందుల షాపులో కొత్త మేనేజరు, ఆమె కొడుకు వయసువాడు, "గ్లెన్ ఉందిగా, టీ పెట్టేస్తుంది," అంటే నవ్వుతూ లేచి టీ పెట్టింది. ఎవరేమన్నా ముందు నవ్వు వచ్చేస్తుంది, కోపం ఎప్పుడో గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది. ఆ కోపం కూడా నెవిల్ మీద కాదు, నవ్విన తన మీదే.

బుధవారం రమ్మీకే వెళ్ళింది. ఆడపడుచు కొరాలీ అప్పటికే ఇద్దరి పేర్లూ రాయించేసింది. "మనలాంటి వాళ్ళకి ఇదే హాయి. కబుర్లు చెప్పుకోవచ్చు," అంటూ గ్లెనిస్ చేతిలోకి తొంగిచూసి, "అది పారెయ్. ఇది ఇటు పెట్టు. అయ్యో, ఇలాగా పట్టుకుంటారు!" అని తనే సర్దేసింది. గ్లెనిస్‌కి ఆట చప్పున పట్టుబడింది. ఒక జాతివన్నీ ఒకచోట చేర్చడం, వరస కుదరని దాన్ని బయట పడేయడం. ఇంట్లో దుప్పట్లు, సాక్సులు, డబ్బాలు పొద్దున్నించీ సర్దేది అలాగే. ఆట అయ్యాక ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూపించాలి. కొరాలీ ఒక్కొక్కటీ వేలితో తట్టి చూసి, "పర్వాలేదు," అంది. ఆ మాటకి తన మనసు పొంగడం గమనించి గ్లెనిస్ తలొంచుకుంది.

మధ్యలో బాత్రూమ్‌కని లేచింది. పోకర్ గది తలుపు ఓరగా ఉంది. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన రోండా నేర్పుతోంది. గడపలో నిలబడ్డ గ్లెనిస్‌ని చూసి, "ఏవమ్మా, లోపలికన్నా రా, తలుపన్నా వేసెయ్. గాలికి ముక్కలు ఎగురుతున్నాయి," అంది. గ్లెనిస్ లోపలికొచ్చి తలుపు వేసింది. అక్కడ ఎవరి ముక్కలు వాళ్ళ గుండెకి ఆనించుకుని కూర్చున్నారు. పక్కవాళ్ళ చేతిలోకి ఎవరూ తొంగిచూడలేదు.

తర్వాతి బుధవారాలన్నీ అక్కడే. కొరాలీకి పళ్ళ డాక్టరనీ, షాపులో పనెక్కువనీ చెప్పింది. నెవిల్ కాళ్ళు బార్లా చాపుకుని, "రమ్మీ ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బావుంది," అనేది. "చెప్పానా!" అనేవాడు. అబద్ధమాడిన ప్రతిసారీ చెంపలు మండేవి, దొరికిపోతానని ఎదురుచూసేది. దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఒక చలికాలం ఆమె రొమ్ములో గడ్డ తగిలింది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకుండా వండింది, ఇస్త్రీ చేసింది, వరండాలో పేకాట బల్లకి పళ్ళేలు మోసింది. ఏమీ లేదని తేలాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ రోజుల్లో నెవిల్ ఒక్కసారి కూడా "ఏమైంది?" అనలేదు. దాచడం రాని మొహమైతే అప్పుడెందుకు కనపడలేదు? అతను ఆ మొహం చదవడం మాట అటుంచి, అసలు చూడటమే లేదు. ఇన్నేళ్ళూ అతని మాట నమ్మి తనని తాను చులకన చేసుకున్నందుకు వచ్చిన సిగ్గు ముందు, అబద్ధాల సిగ్గు ఏపాటిది!

ఒక శనివారం ఆటకి ఒక మనిషి తగ్గాడు. పక్కింటి క్లైవ్, "గ్లెన్‌ని కూర్చోబెడదాం," అన్నాడు. నెవిల్ పగలబడి నవ్వాడు. "పాపం, ఉన్న పుల్లలన్నీ పోగొట్టుకుంటుంది. సరే, రా, రా!"

ఆమె భుజం మీద తువ్వాలు తియ్యకుండానే కూర్చుంది. మొదటి ఆటలు పోయాయి. ఆ తర్వాత చేతికొచ్చిన అయిదు ముక్కల్లో ఒక్క జత కూడా లేదు, వాటితో గెలిచే దారే లేదు. కావాలంటే మార్చుకోవచ్చు. "ఎన్ని కావాలి?" అని క్లైవ్ అడిగితే, "అక్కర్లేదు. ఇవి చాలు," అని, ముందున్న పుల్లలన్నీ మధ్యలోకి తోసింది. తోశాక భయమేసింది. ఇంతమందిలో ఏం చేస్తున్నాను అనుకునేసరికి మెడ దగ్గర మొదలైన వేడి చెవులదాకా పాకింది.

మిగతావాళ్ళు పందెం వదిలేశారు. నెవిల్ ఆమె వైపు తిరిగాడు. నిజంగా, తేరిపార చూశాడు.

"చూడండ్రా ఆ చెవులు! అదిరిపోయే ముక్కలు పడ్డాయి దీనికి. దాచుకోలేక ఛస్తోంది," అని తన ముక్కలు బోర్లించేశాడు. "ఇదిగో, వదిలేశా. ఏం పడ్డాయో చూపించు."

ఆమె చెయ్యి అలవాటుగా ముందుకి కదిలి, మధ్యలో ఆగింది.

"చూపించక్కర్లేదు నెవ్. నువ్వు వదిలేశావుగా," అన్నాడు క్లైవ్.

"నువ్వూరుకో. నా పెళ్ళాం నాకు చూపించదా? చూపించు గ్లెన్."

ఆమె తన అయిదు ముక్కల్ని పేకలో కలిపేసింది. నెవిల్ మొహంలో నవ్వు నెమ్మదిగా పోయింది. "ఎక్కడ నేర్చుకున్నావిది?"

"బుధవారాలు. రమ్మీ గదిలో కాదు."

వంటింట్లోంచి సాసేజ్ రోల్స్ మాడుతున్న వాసన వచ్చింది. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె పేక దగ్గరికి లాక్కుంది.

"వెళ్ళి ఒవెన్ కట్టెయ్ నెవ్. పంచడం నా వంతు," అంది.

అతను కుర్చీ చప్పుడయ్యేలా లేచాడు. ఆమె మొహం ఇంకా కాలుతూనే ఉంది. కాలితే కాలనీ, అనుకుంది గ్లెనిస్. ఎందుకు కాలుతోందో ఆ బల్ల దగ్గర ఒక్కరికీ తెలియదు.