ఎవరి మనసు కారింది?

మా పనిచోట వెనక గదిలో చెడిన బట్టల పెట్టె ఒకటి ఉంది. అది ఎప్పుడూ ఎంత నిండుగా ఉండేదంటే దాని మూత సరిగా పడేది కాదు. ఆ మంగళవారం మసిగుడ్డ కోసం వెళ్ళి మూత వేస్తే టప్పున పడింది. నేను అక్కడే నిలబడిపోయాను.

చెడిన బట్టలు ఎవరికి కావాలి? మైనం ఒలికి, గీత తప్పి, ఎందుకూ పనికిరాని గుడ్డలవి. వేడి మైనం మూకుడు దించడానికో, ఒళ్ళో పరుచుకోవడానికో వాడతాం. మంచి బట్ట పోతే ఎవరో కక్కుర్తిపడ్డారనుకుని ఊరుకోవచ్చు. చెత్త పోయిందంటే మాత్రం దాని వెనక ఏదో ఆలోచన ఉందన్నమాట. నాకు ఆలోచన ఉన్న దొంగలంటేనే భయం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిందంటాడు మా ఆయన పర్జాన్. పుట్టుకతో ఏం రాలేదు. లాసెం ఊళ్ళో ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒకే పొయ్యి చుట్టూ అయిదారుగురు ఆడవాళ్ళతో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

మా పని పైకి తేలికగానే కనిపిస్తుంది. కరిగిన మైనంలో రాగి కలం ముంచాలి, దాని ముక్కు ఒకసారి ఊదాలి, వెదురు దండెం మీద వేలాడే బట్ట మీద గీత లాగాలి. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. పొరపాటున చుక్క ఒలికితే అక్కడా ఎక్కదు. దాన్ని గీకొచ్చు, కాల్చిన ఇనుముతో లాగేయొచ్చు, కానీ బట్ట మర్చిపోదు. మా ఊరు పేరుపడ్డ కోడినెత్తురు ఎరుపు రంగులో ముంచి తీశాక ఆ చుక్క పాలిపోయిన మచ్చలా పైకి తేలుతుంది.

మనసులో అబద్ధం దాచుకున్నవాళ్ళ కలమే కారుతుందని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. అందుకే చుక్క పడగానే ఎవరో ఒకరు "ఎవరి మనసు కారింది?" అని అడుగుతారు. పడేసినవాళ్ళు "నాదే" అని లేచి అందరికీ టీ పెట్టాలి. ఇదంతా నవ్వులాటే. కానీ నవ్వుతూనే ఎవరు ఎన్నిసార్లు లేచారో అందరూ గుర్తుపెట్టుకుంటారు.

నేను ఒక్కసారి కూడా లేవలేదు. కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "యు తార్మి చేతికి చుక్కంటే తెలీదు" అని చెప్తారు. యు అంటే అక్క. నాకంటే పెద్దవాళ్ళు కూడా నన్ను అలాగే పిలుస్తారు, నేనూ వద్దనను.

ఇక రుమియాతి. ఎనిమిది నెలల కిందట చేరింది. ముప్ఫై దాటిన మనిషి, అంతకుముందు సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే పని చేసేది. ఆ చెయ్యి కలానికి పుట్టిన చెయ్యి కాదు. రోజుకో చుక్క పడుతుంది, ఒక్కోరోజు మూడు. సిగ్గుపడి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆమెకు సిగ్గే లేదు. చుక్క పడగానే గీకకుండా, తల పక్కకు వంచి, ఎక్కడో చూసిన చుట్టాన్ని గుర్తుపట్టబోతున్నట్టు దాన్నే కాసేపు చూస్తుంది. తరవాత తాపీగా "నాదే" అని లేస్తుంది. టీ మాత్రం బాగా పెడుతుంది. అది కూడా నాకు నచ్చలేదు.

పైగా సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె సంచి పొద్దున వచ్చినప్పటికంటే లావుగా ఉంటోంది.

అదే మంగళవారం మధ్యాహ్నం మా యజమానురాలు తాచిక్ హ్వీ వచ్చి మనవరాలి పెళ్ళి కుదిరిందని చెప్పింది. ఆ ఇంటి పెళ్ళి బట్టలు ఇరవై ఏళ్ళుగా నా చేతి మీదే వెళ్తున్నాయి. అందరూ నా వైపు చూశారు. ఆవిడా చూసింది.

"నీ చెయ్యి నాకు తెలుసు తార్మీ. అదే వచ్చిన చిక్కు. నువ్వు గీసే పిట్ట మా అమ్మ పెళ్ళి బట్ట మీద ఉన్న పిట్టే. మా పిల్ల ఎక్కడా లేని పిట్ట కావాలంటోంది. సోమవారానికి ఎవరైనా సరే, జానెడు గీసి చూపించండి" అంది.

ఎక్కడా లేని పిట్ట. ఇంటికెళ్ళి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు గీసినా మా అత్తగారు నేర్పిన పిట్టే వచ్చి కాగితం మీద వాలింది. ఉన్నదాన్ని పొల్లుపోకుండా దించడమే నాకు తెలిసిన విద్య.

ఇక అసలు సంగతి దాచి లాభం లేదు. ఆ పెట్టె అడుగున నా బట్ట ఒకటి ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. నా కలం నుంచి ఒక చుక్క బట్ట నడిమధ్య పడింది. ఎవరి మనసు కారిందని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. గీకేయాల్సింది. ఏ బుద్ధి పుట్టిందో, ఆ చుక్కను కన్ను చేసి దాని చుట్టూ ఒక పిట్టను లాగడం మొదలుపెట్టాను. అలాంటి పిట్టను నేను ఎక్కడా చూడలేదు. మెడ వంకర, ఒక రెక్క పైకి. రెండో రెక్క దగ్గరికి వచ్చేసరికి గేటు చప్పుడైంది. బట్ట చుట్టి పెట్టె అడుగున తోసేశాను. నేతలోనే చిరుగుందని తాచిక్‌కు చెప్పి ఇంకో బట్ట తెచ్చుకున్నాను. ఎవరి బట్ట ఏదో తెలియడానికి అంచున తలో రంగు దారం కుట్టుకుంటాం. నాది నీలం. ఆ తొందరలో దాన్ని విప్పలేదు. ఆ తరవాత అందరి ముందూ పెట్టె కెలకడానికి ధైర్యం చాలలేదు.

బుధవారం అందరూ టీ తాగుతున్నప్పుడు పెట్టె అడుగుదాకా వెతికాను. నా బట్ట లేదు.

తీసింది రుమియాతే, ఇంకెవరు? రుమియాతి దాన్ని సోమవారం తాచిక్ ముందు పరుస్తుంది. చుక్క తెలియని తార్మి చుక్క ఇదిగో, దారం కూడా చూడండి అంటుంది. పెళ్ళి బట్ట పోతే పోయింది, ముప్ఫయ్యొక్క ఏళ్ళ పేరు టీ గిన్నెలో కలుస్తుంది.

మర్నాడు మా పొయ్యి దగ్గర కూర్చునే జుమిలా, నోరు ఊరుకోని మనిషి, పెట్టె తేలికైంది, ఎలుకలు మైనం కూడా తింటున్నాయా అని ఊరికే అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాకేం తెలుసని కసిరాను. నన్నెవరూ అడగలేదు. రుమియాతి నా వైపు ఒక్క క్షణం చూసి తల దించుకుంది. తెలుసన్నమాట, అనుకున్నాను.

పర్జాన్‌కు ఇంట్లో చెప్తే వినడని కాఫీ కొట్టుకే వెళ్ళాను. మిగతా మగవాళ్ళలాగే అక్కడ కూర్చుని, కప్పు అడుగున మిగిలిన కాఫీ మడ్డిని పుల్లతో తీసి సిగరెట్టు మీద తీగలూ పూలూ గీస్తున్నాడు. గంటసేపు గీస్తాడు, తరవాత వెలిగించి కాల్చేస్తాడు. ఆ రుమియాతి దొంగ అన్నాను. నీ కంటికి ఎవరు దొంగ కాదు, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"గీసినవన్నీ తగలేసే మనిషివి, పేరు పోవడమంటే నీకేం తెలుసు?" అన్నాను.

"తగలేస్తున్నాను గనకే రేపు ఇంకోటి గీస్తాను. నువ్వు ఒక్కటీ తగలెయ్యలేదు, అందుకే ఒక్కటే గీస్తున్నావు" అన్నాడు పుల్ల మీంచి చూపు తిప్పకుండా. ఆ రాత్రి అతనికి కూర వడ్డించలేదు.

శుక్రవారం మాకు ఒంటిపూట పని. రుమియాతి వెనకే నడిచాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. తప్పు చేసినవాళ్ళు వెనక్కి చూస్తారు. అసలు చూడనివాళ్ళు అంతకంటే పెద్ద తప్పు చేసినవాళ్ళు. పడవల రేవు దాటి, ఎండుచేపల వాసన మధ్య ఒక చిన్న ఇంటి పెరట్లోకి వెళ్ళింది. నేను తడికె సందులోంచి చూశాను.

చేపలు ఆరేసే తాళ్ళ మీద మా గుడ్డలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో గుడ్డ మీద ఎవరిదో ఒక పాత చుక్క, ఆ చుక్క చుట్టూ కొత్త మైనంతో ఏదో ఒకటి. కొన్నిచోట్ల చుక్క పీత కన్నయింది, కొన్నిచోట్ల వల ముడి అయింది. ఎక్కువ చోట్ల ఏదీ కాలేదు, ఉన్న మచ్చకు ఇంకో నాలుగు మచ్చలు తోడయ్యాయి. చివరి తాడు మీద నా పిట్ట ఉంది. దాని పక్కన అదే పిట్ట, ఇంకో గుడ్డ మీద, ఇంకో గుడ్డ మీద, తాడు పొడుగునా. ఒక్కదానికీ రెండో రెక్క సరిగా లేదు.

తడికె తోసుకుని లోపలికి వెళ్ళాను.

"దొరికావే. ఇవన్నీ ఎవరికిస్తున్నావు, మన గీతలు ఎత్తుకుపోయి అచ్చుగుద్దే మిల్లువాళ్ళకా?"

ఆమె ఉలిక్కిపడలేదు. పీట జరిపింది. "మన తప్పులు వాళ్ళకెందుకు యు? కూర్చో. నా చెయ్యి కారడం మానదు. మాన్పిద్దామని ఆర్నెల్లు చూశాను. పడేది ఎలాగూ పడుతుంది, పడ్డాక దాన్నేం చెయ్యాలో అయినా నేర్చుకుందామని పెట్టె మీద పడ్డాను. అడిగితే నవ్వుతారని అడగలేదు."

"ఆ పిట్ట?"

"అది అన్నిటికంటే అడుగున దొరికింది." ఆమె లేచి దాని దగ్గరికి వెళ్ళింది. "ఎవరు గీశారో గానీ, పడ్డ చుక్కకి భయపడలేదు యు. మధ్యలో ఎందుకు వదిలేశారో మరి. ఆ రెండో రెక్క ఎటు పోవాలో ఎన్నిసార్లు గీసినా నాకు అందడం లేదు."

నేను బట్ట అంచు పట్టుకుని చూశాను. సూది కన్నాలు ఉన్నాయి. దారం లేదు.

"దారమేది?"

"నేనే విప్పేశాను. ఎవరి కంటైనా పడుతుందని."

"ఏ రంగు?"

ఆమె తాడు మీది గుడ్డ సర్దింది. "గుర్తులేదు యు."

అబద్ధం. ఒక అబద్ధం విని ఏడుపు రావడం నాకు అదే మొదలు. ఇన్నాళ్ళూ నేను దొంగ అనుకున్న మనిషి నా పేరుకు కాపలా కాస్తోంది. అక్కడ ఏడిస్తే బాగుండదని, చేపల వాసన పడటం లేదని చెప్పి లేచి వచ్చేశాను. రెక్క గురించి ఒక్క మాటా చెప్పలేదు. దారి పొడుగునా నా కుడిచెయ్యి మాత్రం గాల్లో ఏదో గీస్తూనే ఉంది.

అయినా పాత అలవాటు ఊరికే పోదు. ఆ మంచితనం వెనక ఏముందో, సోమవారం ఆ పిట్టనే తన పేరుతో చూపిస్తుందేమోనని ఆదివారమంతా నమిలాను. సోమవారం పొద్దున వెళ్ళి ముందు ఆమె దండెం వైపే చూశాను. పిట్ట లేదు. వంకర టింకరగా రెండు పీతలు గీస్తోంది.

నా దండెం మీద మళ్ళీ అత్తగారి పిట్టే. తాచిక్ కుర్చీ వేయించుకుని మా వెనకే కూర్చుంది. మెడ దాకా నున్నగా లాగాను. ఎందుకో రుమియాతి వైపు చూశాను. చూసిన ఆ రెప్పపాటులో నా కలం ముక్కు నుంచి మైనం జారి పిట్ట పక్కన, ఖాళీ బట్ట మీద పడింది.

జుమిలా తలెత్తకుండానే అడిగింది. "ఎవరి మనసు కారింది?"

అందరూ అలవాటుగా రుమియాతి వైపు తిరిగారు. ఆమె నా బట్ట చూసింది, నన్ను చూసింది. కలం మూకుడు అంచున పెట్టి, నడుముకు చుట్టుకున్న సారంగు సర్దుకుంటూ, "నా..." అంటూ లేవబోయింది.

"కూర్చోవే," అన్నాను. "నాదే."

పొయ్యి చుట్టూ ఊదడాలు ఆగిపోయాయి. జుమిలా కలం మైనంలోనే ఉండిపోయింది. తాచిక్ లేచి వచ్చి నా భుజం మీంచి వంగింది.

"గీకుతావా?"

"గీకను."

"మరి ఏమవుతుంది అది?"

"ఇంకా తెలీదు తాచిక్. కన్ను అనుకుంటున్నాను. ఇలాంటిదే ఇంకొకటి ఒకప్పుడు సగం గీసి వదిలేశాను. అది ఈ రుమియాతి దగ్గరుంది."

ఆవిడ ఆ చుక్క మీదికి ఇంకాస్త వంగింది. తరవాత, "నేతలో చిరుగుందన్న బట్టా?" అంది.

నా చెవులు కాలిపోయాయి. "అదే."

"ఊఁ" అంది ఆవిడ, ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న కబురు అందినట్టు. "పెళ్ళి బట్టకి ఇద్దరూ చెరోవైపు కూర్చోండి. చుక్కలు ఎవరివో నేను అడగను." అని కుర్చీలోకి పోయింది.

నేను టీ పెట్టడానికి లేచాను. వంటసాలలో ఆకు ఎంత వెయ్యాలో, ఏ గిన్నె వాడతారో, చక్కెర ఎక్కడుందో నాకు ఒక్కటీ తెలీదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అందరి చేతి టీ తాగిన మనిషిని. చక్కెర ఏదని కేకేస్తే రుమియాతి పైన చూడమంది. పైన లేదు. చక్కెర లేకుండానే పోసి తెచ్చాను. అందరూ మూతులు ముడుచుకుని తాగారు. నా చుక్కే దీనికంటే నయమని జుమిలా అంది. రుమియాతి ఒక్కతే గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"రేపటికి కుదురుతుందిలే యు," అంది.

చక్కెర డబ్బా కింది అరలోనే ఉందని ఆమెకు అప్పుడే తెలుసని నాకు ఇప్పటికీ అనుమానమే.