పెద్దకొడుకు గుమ్మం

బురద మోకాళ్ళదాకా వచ్చాకే గడ్డి చల్లాలి. తొందరపడితే అడుగున ముద్దకట్టి, ఇటుక ఎండలో పగులుతుంది. బురదమ్మ నడుం పట్టుకుని గుంటలో తొక్కుతూనే ఉంది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. పిలిచేవాళ్ళు పోయాక అదీ పోయింది. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి నెత్తురోడుతున్నాయి. ఇవాళ మాత్రం ఆమె చూపు మట్టిమీద లేదు, దొరగారి ప్రహరీ మీద ఉంది. ఆ ప్రహరీ లోపలే ఆమె పెద్దకొడుకు ఉంటాడు.

వాడు ఇటుకల మేస్త్రీ. తనవాళ్ళ మీదే కొరడా ఎత్తే ఉద్యోగం. కిందటేడు ఆ కొరడా ఆమె వీపుమీదా పడింది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందని ఎవరికీ చెప్పుకోలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

పొద్దున్నే వాడపెద్ద ఇంటింటికీ తిరిగాడు. సాయంత్రం గొర్రెపిల్లను కోసి, నెత్తురు గుమ్మానికి పూసి తలుపేసుకోవాలి. పూయని ఇంట్లో తొలిచూలు బిడ్డ, దొరలదైనా మనదైనా, ఎంత వయసుదైనా, ఈ రాత్రి దేవుడి దెబ్బకు తెల్లారేసరికి ఉండదు.

"'వీళ్ళు నావాళ్ళు, నా పెద్దకొడుకు లాంటివాళ్ళు, వదిలిపెట్టు' అని దేవుడు ఎన్నిసార్లు కబురంపినా, మనల్ని బానిసలుగా పట్టుకున్న రాజు వినలేదమ్మా" అన్నాడు.

మిగతాది బురదమ్మ తలకెక్కలేదు. పెద్దకొడుకన్న మాట మాత్రం పేగుల్లోకి దిగింది. దేవుడికీ అదే బాధ కాబోలు అనుకుంది.

మధ్యాహ్నం కాళ్ళు కడుక్కోకుండానే వాడి దగ్గరికి పరిగెత్తింది.

"ఇవాళొక్కరోజు ఇంటికి రా నాయనా. నెత్తురు పూయని ఇంట్లో పెద్దబిడ్డ ఈ రాత్రి దక్కడట."

"దొరగారి పెద్దబ్బాయి పక్కగదిలోనే పడుకుంటాడు. వాడికి లేని భయం నాకేంటి?" వాడు నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మనమీద అంత ప్రేమే ఉంటే, నాన్న ఇటుకల కింద పడి చచ్చిననాడు ఎక్కడున్నాడే మీ దేవుడు?"

"తెలీదురా. ముందు బతుకు, తర్వాత ఆయన్నే అడుగుదువుగాని."

"పని చూస్కో పో."

ఇంట్లో ఒక్కతే కాబట్టి బురదమ్మ గొర్రెపిల్లను పొరుగింటి వదినతో కలిసే కోసింది. వదిన గుమ్మానికి పూయగా మిగిలిన నెత్తురు గిన్నెతో ఎత్తుకుని, కాల్చిన మాంసం ముక్క కొంగున కట్టుకుని బురదమ్మ లేచింది.

"పొద్దు వాలుతోంది, నీకేమన్నా మతిపోయిందా?" అని వదిన చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు అక్కడుంటే నాకిక్కడ గుమ్మమెందుకొదినా?"

ప్రహరీ లోపల వాడి గది ముందు నిలబడి, అరచేతిని ముంచి ద్వారబంధానికి రెండు పక్కలా పూసింది. పైన అడ్డపట్టె అందక మునివేళ్ళమీద లేచి పూసింది. వాడు బయటికొచ్చి చూసి పాలిపోయాడు.

"దొర చూస్తే నా తోలు తీస్తాడు!" తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఒక పక్క అంతా పోయింది.

బురదమ్మ వాణ్ణి ఆపలేదు. లోపలికి వెళ్ళి, వాడి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"తుడువు నాన్నా. నేనూ మా అమ్మకి తొలిచూలు బిడ్డనే."

వాడు గుడ్డతో అలాగే నిలబడిపోయాడు. చావంటే ఆమెకు భయమే, చాలా భయం. అయినా కదల్లేదు. వాడు చాలాసేపు ఆమె పగిలిన పాదాల వంక చూశాడు. తర్వాత గిన్నె అందుకుని, తుడిచిన చోట తానే పూసి, లోపలికొచ్చి తలుపేశాడు. ఇద్దరూ ఆ మాంసం పంచుకుని తిన్నారు.

తెల్లవారుతుంటే పక్కగదిలోంచి దొరసాని కేక లేచింది. ఆ కేక ఆగలేదు. అది తన గొంతులోంచి రావలసిన కేకని బురదమ్మకు తెలుసు. కొడుకు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. వెచ్చగా తగిలింది. సంతోషించినందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ఏడ్చింది.

"పొండి, మీరంతా పొండి!" దొర గుండెలు బాదుకుంటూ గేటు బార్లా తీశాడు.

కొడుకు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాడలోని జనమంతా ఊరు విడిచి నడుస్తున్నారు. పక్కగది ముందునుంచి వెళ్తూ బురదమ్మ ఒక్కక్షణం ఆగింది. మెట్టుమీద ఆ ఇంటి పెద్దబ్బాయి చెప్పులు, పొద్దున లేవగానే తొడుక్కోవడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి.