ఆదివారం మాత్రలు

ఐడెల్లా మిడిల్టన్ తన ఆఫీసు గదిలో వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీని పట్టుకుని నేలమీద ఈడ్చి, దాని వీపు అద్దాల తలుపు వైపు తిరిగేలా పెట్టింది. రాత్రి ఊడ్చేవాళ్ళు రోజూ దాన్ని తలుపుకి ఎదురుగా పెట్టి పోతారు. రోజూ పొద్దున్నే ఆవిడ తిప్పుతుంది. అలా తిప్పితే వరండాలో పోయేవాళ్ళకి లోపల కూర్చున్న మనిషి భుజాలు తప్ప ముఖం కనపడదు. ఆ తర్వాతే సంచీ బల్లమీద పెట్టి, ఏసీ చలిగదికి అలవాటైన ఊదారంగు స్వెటర్ తొడుక్కుని, గొలుసుకి వేలాడే కళ్ళజోడు ముక్కుమీదికి ఎక్కించుకుంటుంది. భారీ మనిషి. మధ్యాహ్నానికి చీలమండలు వాచిపోతాయి కాబట్టి బల్ల కింద చెప్పులు విడిచేసి, పాత టెలిఫోన్ డైరెక్టరీల మీద కాళ్ళు పెట్టుకుంటుంది.

ఊళ్ళో ఆవిడకి గీర అని పేరు. చేపల దుకాణం దగ్గర వరసలో నిలబడితే ముందున్నవాళ్ళని గాని వెనకున్నవాళ్ళని గాని పలకరించదు. చర్చి మెట్ల మీద ఎదురుపడినా గోడని చూసినట్టు చూసి పోతుంది. అది గీర కాదు, ఉద్యోగం. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మందులు ఇప్పించే మనిషి వీధిలో ఎవరినైనా నవ్వుతూ పలకరిస్తే, "వీడికి ఈవిడ ఎలా తెలుసు?" అని పక్కవాడు లెక్కలు కడతాడు. అందుకే తన దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు పలకరిస్తే పలుకుతుంది, లేకపోతే లేదు. వాళ్ళు పలకరించరు. వాళ్ళ చావులకి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటుంది. ఎవరైనా అడిగితే "పనిలో పరిచయం" అంటుంది. దక్షిణ కరోలినాలో, ఉప్పుగడ్డి వాసన వేసే ఆ చిన్న రేవూళ్ళో ఇన్నేళ్ళుగా ఆవిడ అలాగే బతికింది. ఒంటరితనం కాదా అంటే, ఒంటరితనమే.

ఆ వసంతకాలమంతా ఆవిడది ఒకటే పని. రాష్ట్రం నడిపే మందుల పథకంలో ఉన్నవాళ్ళని కొత్తగా వచ్చిన ఆరోగ్య బీమాలోకి మార్చడం. పథకం మంచిదే, ఎందరినో బతికించింది. కాని దానికి మనిషి కనపడడు, వైరస్ ఒక్కటే కనపడుతుంది. దాని మాత్రలు ఇస్తుంది, అంతే. మోకాలు అరిగినా, గుండె దడదడలాడినా, కళ్ళు మసకబారినా అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే ఉంటుంది. బీమా అయితే మొత్తం మనిషిని చూస్తుంది. దాని కిస్తీ కూడా పథకమే కడుతుంది. ఇంత మంచి బేరానికి జనం ఎగబడాలి కదా. ఎగబడలేదు. ప్రాణం నిలబెట్టిన కొమ్మని వదిలి ఇంకో కొమ్మ పట్టుకోమంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నచ్చజెప్పి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి కొత్త కొమ్మ పట్టించాల్సి వచ్చింది. దాదాపు అందరినీ దాటించింది. మిగిలినవాడు లెమ్యుల్ ప్రేలో. ఇవాళ శుక్రవారం, గడువు సోమవారం.

ప్రేలో మంగలి. రేవు వీధి మూలన దుకాణం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడకి ఎర్ర బో టై, గడ్డానికి రాసే లవంగాల అత్తరు వాసన. ముందు ఆ వాసన వచ్చింది, తర్వాత తలుపు అంచు తడుముకుంటూ మనిషి వచ్చాడు. రెండు కళ్ళలోనూ నీళ్ళలో పాలు కలిసినట్టు తెల్లటి పొర. చేతిలో కాగితం సంచీ. బీమా ఏ మందులకి ఇస్తుందో చూడాలి కాబట్టి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మని ఐడెల్లా అందరికీ చెబుతుంది.

"కూర్చోండి ప్రేలో గారూ. కుర్చీ ఎడంపక్కన ఉంది."

"తెలుసులే తల్లీ. నీ కుర్చీ కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది నాకు. ఈమధ్య మూసినా తెరిచినా ఒకటేగా." కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముందే చెబుతున్నా, వద్దు. పోయిన నెలా వద్దన్నాను, ఈ నెలా వద్దు."

"సోమవారంతో గడువు అయిపోతుంది."

"అవనీ. క్రిస్మస్ అవలేదూ? అలాగే ఇదీ అవుతుంది."

ఐడెల్లా కళ్ళజోడు తీసి గుండెల మీదికి వదిలింది. "చర్చి పెద్ద, డీకన్ గారి చెవి సంగతి విన్నాను."

"విన్నావా! ఈ ఊళ్ళో కబుర్లకి కాళ్ళు కాదమ్మా, చక్రాలు." బో సర్దుకున్నాడు. "కత్తి కాస్త గీరుకుంది, అంతే."

"కుట్లు పడ్డాయట."

"పడ్డాయి. ఆయన చెవి కూడా మరీ అంత బయటికి ఉండాలా?"

నవ్వించబోయాడు గాని ఆవిడ నవ్వలేదు. ఆ చెవి తెగిన దగ్గర్నుంచి దుకాణానికి ఎవరూ రావడం లేదని ఇద్దరికీ తెలుసు. మంగలికి చూపు పోతే మిగిలేదేముంది? ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని కళ్ళ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పథకం కళ్ళకి ఇవ్వదు. ముసలివాళ్ళకి సర్కారు ఇచ్చే మెడికేర్ బీమా వచ్చే వయసుకి ఇంకా ఆరేళ్ళు ఆగాలి. అప్పటిదాకా దుకాణం ఆగదు.

"బీమా అయితే కంటికి ఇస్తుంది ప్రేలో గారూ. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇస్తుందిలే. ఇచ్చేవాళ్ళందరూ ముందు అలాగే అంటారు. పథకం మాత్రం ఇస్తానని అనలేదా, ఆ చలికాలం దాకా?"

 ఆ చలికాలం ఐడెల్లాకి బాగా గుర్తుంది. రాష్ట్రం దగ్గర డబ్బు అయిపోయి, కొత్తవాళ్ళని చేర్చుకోవద్దని కబురు వచ్చింది. ప్రేలో అప్పటికే పథకంలో ఉన్నాడు. వెండెల్ లేడు. వెండెల్ రొయ్యల పడవ మీద వంటవాడు. దుకాణం పైగదిలో ప్రేలోతో కలిసి ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళు 'అద్దెకున్నాడు' అనేవాళ్ళు, ఎందుకంటే అలా అనుకుంటే అందరికీ సుఖం. దగ్గు ముదిరేదాకా పరీక్ష చేయించుకోలేదు. టోపీ చేతిలో పట్టుకుని వచ్చి ఈ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జాబితా మూసేశారని, వరసలో పేరు రాసుకుంటానని చెప్పింది ఐడెల్లాయే, ఇదే బల్ల వెనక నుంచి. ప్రేలో తన మాత్రల్లో సగం వెండెల్‌కి పెట్టాడు. సగం సగం మాత్రలతో ఇద్దరూ చెడ్డారు. ఈస్టర్ రాకముందే వెండెల్ పోయాడు. శవానికి గడ్డం గీసింది ప్రేలోనే. చివరి బెంచీలోంచి చూసినా ఆ నున్నటి చెంపలు ఐడెల్లాకి కనపడ్డాయి. ఆ రోజు కూడా ఒకరినొకరు పలకరించుకోలేదు.

"మందులు చూడనివ్వండి," అంది చివరికి.

ప్రేలో సంచీలోంచి రెండు సీసాలు తీసి బల్లమీద పెట్టాడు. ఆ తర్వాత ఒక గుండ్రటి డబ్బా తీశాడు. నీలంరంగు రేకు డబ్బా. వెన్న బిస్కెట్లు వచ్చే రకం, అవి అయిపోయాక ప్రతి ఇంట్లోనూ సూదులూ దారాలూ చేరే రకం. దానిమీద వేళ్ళతో టకటకా కొట్టాడు.

"నాకు బీమా లేదని ఎవరన్నారు తల్లీ? ఇదిగో, ఇదీ నా బీమా."

ఐడెల్లా మూత తీసింది. డబ్బా నిండా మాత్రలు. గులాబీవి, పచ్చవి, తెల్లవి. డాక్టర్లు ఏళ్ళ తరబడి మార్చుకుంటూ వచ్చిన మందులన్నీ పొరలు పొరలుగా ఉన్నాయి.

"ఇన్ని ఎక్కడివి?"

"ఆదివారాలవి. ఆదివారం నేను మాత్ర వేసుకోను. ఆ రోజుది ఇందులో వేస్తాను."

 అణిగి ఉండాల్సిన వైరస్ ఈయన రక్తంలో ఉండి ఉండి ఎందుకు తల ఎత్తుతోందని డాక్టరమ్మ తల పట్టుకుంటున్నది ఇందుకా! ఐడెల్లాకి భయం వెనకే కోపం వచ్చింది. గొంతు లేచింది.

"ఆదివారం మీకు సెలవేమో గాని, ఆ పురుగుకి సెలవు లేదండీ! మందులు ఎదురుగా పెట్టుకుని ఎందుకు చస్తారు? ఇంత దాచుకుని ఏం చేద్దామని?"

"అరవకు. వరండాలో జనం ఉన్నారు." ప్రేలో గొంతు తగ్గించాడు. "నాకోసం కాదు."

"మరి?"

"తలుపు మళ్ళీ మూస్తారు. నువ్వు మూయవు, నువ్వు మంచిదానివి. నీ చేత మూయిస్తారు. అప్పుడు వెండెల్ లాంటివాడు ఎవడో ఒకడు టోపీ పట్టుకుని బయట నిలబడతాడు. వాడికోసం. మొదటి మాత్ర వెండెల్‌ని పాతిపెట్టిన మర్నాటి ఆదివారం వేశాను."

ఐడెల్లా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. డబ్బా అడుగున చెయ్యి పెట్టి, ఒక మాత్ర తీసి, ఆయన అరచేతిలో పెట్టింది. ప్రేలో బొటనవేలితో తడిమాడు. అది నలిగిపోయింది. ఆ వేళ్ళకి వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. కంటికి కనపడనిది వేలికి తెలిసిపోయింది.

"పిండయిపోయిందా?"

"అడుగున ఉన్నవన్నీ."

"పైవి?"

"పైవి బాగానే కనపడుతున్నాయి. కాని అవీ ఇంకొకరికి పనికిరావండీ. రకరకాలవి కలిసిపోయాయి. ఎవరికైనా ఇస్తే మేలు కన్నా కీడు ఎక్కువ."

ప్రేలో చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి ముందు అరచెయ్యి తుడుచుకున్నాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా కాపాడుకున్నది పొడి. ఎదురుగా ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పాల్సి రావడం కన్నా పాపిష్టి పని ఇంకోటి ఉండదని ఐడెల్లాకి అనిపించింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ప్రేలో గారూ, ఇలా వినండి. మీ మాత్రలు ఇప్పుడు పథకం కొంటోంది. బీమాలోకి మారితే వాళ్ళు కొంటారు. కిస్తీ కట్టగా ఇక్కడ చాలా మిగులుతుంది. ఆ మిగిలినదాంతో పథకంలోకి ఇంకో మనిషి వస్తాడు. మీరు లేస్తే ఆ చోట్లో ఇంకొకడు కూర్చుంటాడు. అతనికి వారం అంతా మాత్ర ఉంటుంది, ఆదివారంతో సహా."

ప్రేలో తల ఎత్తాడు. "నా చోట్లోనా?"

"మీ చోట్లోనే."

"బయట నిలబడ్డవాడా?"

"వాడే."

"మరి రేపు ఆ బీమావాళ్ళు నన్ను గెంటేస్తే?"

"రోగం ఉందని గెంటకూడదని చట్టం వచ్చింది. ఎల్లకాలం ఉంటుందా అంటే నేను ఒట్టు వేయలేను. నాది ఒట్లు వేసే ఉద్యోగం కాదు. వాళ్ళతో పేచీ వస్తే ఈ గదికి రండి, ఇద్దరం కలిసి పోట్లాడదాం."

ప్రేలో కుర్చీ చేతిని వేళ్ళతో రాస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కసారిగా విసుక్కున్నాడు. "ఈ మాట పోయిన నెలే చెప్పి ఏడవొచ్చుగా?"

"పోయిన నెల మీ కళ్ళ గురించి చెప్పాను. మీకు కళ్ళ కన్నా పక్కవాడు ముఖ్యమని నాకేం తెలుసు?"

ఈసారి ప్రేలో నవ్వాడు, భుజాలు కదిలేలా. "సరే, ఎక్కడ గీకాలో చూపించు."

ఐడెల్లా ఆయన వేలు పట్టుకుని సంతకం చోట పెట్టింది. కంప్యూటర్ తెరమీద గుండ్రటి చక్రం తిరగడం మొదలుపెట్టింది, ఆగదే! అది తిరిగినంతసేపూ ఐడెల్లా భోజనం సంచీలోంచి తీసిన ఉప్పు వేసి ఉడకబెట్టిన వేరుశనగలు ఇద్దరూ ఒలుచుకు తిన్నారు. కార్డు పోస్టులో ఇంటికి వస్తుందని చెప్పేసరికి ప్రేలో చెయ్యి ఆగింది.

"పోస్టుమాన్‌కి తెలిసిపోదూ?"

"ఏం తెలుస్తుంది? బీమా కార్డు అందరికీ వస్తుంది. వాడికీ వచ్చే ఉంటుంది."

"అందరికీ వచ్చేదే నాకూ వస్తుందన్నమాట," అన్నాడు ప్రేలో మెల్లగా. ఆ మాటని రెండోసారి కూడా అనుకున్నాడు.

పని అయ్యాక, పాత మందులు పారేసే పెట్టె దగ్గరికి డబ్బా తీసుకువెళ్ళి ఐడెల్లా ఆగింది. "పొయ్యనా?" అంది. ఆయన తల ఊపాడు. మాత్రలు గలగలా జారి, చివరికి పొడి రాలిన చప్పుడు కూడా ఆగేదాకా అటే చెవి పెట్టి విన్నాడు. డబ్బా ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఉంచుకో. బిస్కెట్లు పెట్టుకో. నీకు తిండి మీద ప్రేమ ఉందని ఊరందరికీ తెలుసు."

"ఊరికి నేను కనపడతానా ఏంటి?"

"కనపడవు మరి. వీధిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంటావుగా. కనపడకపోయినా తెలుస్తుంది నాకు, నీ అడుగు చప్పుడు." లేచి నిలబడ్డాడు. "అయినా ఇక నేను నీ మనిషిని కాదుగా?"

"కాదు." ఆ మాట అనడానికి ఐడెల్లాకి కాస్త కష్టమైంది. బాగుపడ్డవాళ్ళు రాకుండా పోవడమే తన పనికి కూలి అని తెలిసినా, ఇన్నేళ్ళ మనిషి గుమ్మం దాటుతుంటే బాధగానే ఉంటుంది.

ప్రేలో వెంటనే వెళ్ళలేదు. చేతిరుమాలు తీసి ఫట్‌మని విదిల్చి, తాను లేచిన కుర్చీని వీపు నుంచి కూర్చునే చోటి దాకా దులిపాడు, దుకాణంలో ఒక తల అయ్యాక ఇంకో తల కోసం దులిపినట్టే. తర్వాత ఖాళీ వరండా వైపు తిరిగి, "నెక్స్ట్!" అని పిలిచాడు. లవంగాల వాసన కాసేపు నిలిచి, అదీ పోయింది.

జూన్‌లో ఒక శనివారం ఐడెల్లా చేపల దుకాణం దగ్గర వరసలో నిలబడి, అలవాటు ప్రకారం తూకం ముల్లు తప్ప ఇంకేమీ చూడకుండా ఉంది. వీధి అవతల నుంచి ఎర్ర బో ఒకటి కార్లని తప్పించుకుంటూ గబగబా దాటి వచ్చింది.

"ఐడెల్లా మిడిల్టన్! నీ జుట్టు ఇంత నెరిసిపోయిందని నాకు ఒక్కరూ చెప్పలేదేంటి?"

వరస అంతా తిరిగి చూసింది.  ప్రేలో కళ్ళు నల్లగా, తళతళలాడుతూ తిన్నగా ఆవిడ ముఖంలోకే చూస్తున్నాయి.

"నెరవక? నీలాంటి మొండివాళ్ళతో వేగితే!" అంది ఐడెల్లా ప్రేలోతో, మొదటిసారి గారూ మీరూ వదిలేసి. నవ్వు ఆగలేదు. ఆ వీధిలో ఆవిడ నవ్వగా అంతకుముందు ఎవరూ చూడలేదు. డీకన్ గారు, అతుకుల చెవితో, శుభ్రంగా కత్తిరించిన తలతో వరసలో వెనక నిలబడి, తను కూడా "గుడ్ మార్నింగ్ సిస్టర్" అన్నాడు.

సోమవారం పొద్దున్న ఐడెల్లా కుర్చీ తిప్పి పెట్టింది. కాసేపటికి ఒక మనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రేవులో వలలు బాగుచేసేవాడు, ఆ వారమే పరీక్షలో తెలిసిందట. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లోపలికి రండి. చోటు ఉంది," అంది ఐడెల్లా.

అతను కూర్చున్నాక, కిటికీ గట్టు మీది నీలం డబ్బా మూత తీసి, పిప్పరమెంట్ బిళ్ళలు కనపడేలా అతని ముందుకి జరిపింది. మూత అంచున ఒకచోట నీలంరంగు అరిగిపోయి, లోపలి రేకు బొటనవేలంత మేర తెల్లగా మెరుస్తోంది.