మహిమ చూడ్డానికి

నార్వే వెళ్ళే ముందు నా చేత ప్రయాణ ప్రార్థన చేయించుకోవాలని జెరూషా పట్టుబట్టింది. వారం నుంచి నా నోరు పెగలడం లేదు.

విశాఖలో అంతరిక్ష విజ్ఞానం చదువుతున్న నా మనవరాలు అది. ఉత్తర ధ్రువం వైపు ఆకాశంలో కదిలే వెలుగులను పరిశీలించడానికి నెల రోజులు వెళ్తోంది. దాని పుస్తకాల్లో ఆ సంగతి కూడబలుక్కుని చదివాను. చదివినకొద్దీ దిగులు పెరిగింది.

"ఆ ఎలుగులు మనకెందుకు కనబడవే?"

"సూర్యుడి నుంచొచ్చే కణాల్ని భూమి అయస్కాంతం ధ్రువాల వైపు తోలేస్తాది మామ్మా. అక్కడి గాలికి గుద్దుకుని పచ్చగా ఎలుగుతాయి."

"మనుషుల్ని కూడా లాగేస్తాది కామోసు."

"నెలే కదేటి!"

దేవరాపల్లి చెరకు తోటకని బయల్దేరిన మా ఆయన ఏబెల్ సాయంత్రానికి వస్తానన్నాడు. దీని తల్లి పరీక్షలకని పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఇద్దరినీ నేనే "ఎల్లిరా" అని పంపాను. మళ్ళీ ఆ మాట అనలేక, ఆదివారం గుడిలో పాస్టరమ్మగారిని ప్రార్థన చెయ్యమన్నాను. ఆ వెలుగుల పేరు అరోరా అట, అలా అనడానికి నోరు తిరగలేదు.

"మా గుంట ఆకాశంలో మహిమ చూడ్డానికెల్తందమ్మా," అన్నాను.

మా సంఘాల్లో ఎవరైనా చనిపోతే మహిమలోకి వెళ్ళారంటాం. అప్పుడా సంగతి తట్టలేదు.

ప్రయాణం రోజు ఉదయం వడ్డాది నుంచి మా తోడికోడలు మేరీ ఆటో దిగుతూనే ఏడుపు అందుకుంది. చేతిలో బంతిపూల దండ.

"అయ్యో అక్కా, పిల్ల మహిమలోకెల్లిపోయిందంటగా!"

సగం అల్లిన జడ పట్టుకుని జెరూషా గుమ్మంలోకి వచ్చింది. "ఎవరు చిన్నమామ్మా పోయింది?"

మేరీ దాన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేనే!"

"నాకెవరూ సెప్పనేదే! మరి ఆ దండేటి?"

"దండా... ఇమానం ఎక్కినోళ్ళకి ఎయ్యరేటి?"

జెరూషా పడీపడీ నవ్వింది. మేరీ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేను అరుగు మీద కూలబడ్డాను. వారమంతా నేను భయపడిన మాట వేరే నోటి నుంచి వచ్చేసింది. పిల్ల మాత్రం ఎదురుగానే ఉంది, ఊడిపోతున్న జడతో. ఇంక భయపడడానికి కూడా నాలో ఓపిక లేదు.

"ఒసే, ఇలా రా," అని దాని తల మీద చెయ్యి పెట్టాను. ప్రార్థన చిన్నదే వచ్చింది. ఆమెన్ అన్నాక కూడా చెయ్యి తియ్యలేకపోయాను.

"బస్సు టైమైపోతంది మామ్మా. ఆ మాట కూడా అనేసీ."

"ఎల్లి... రా," అన్నాను. రెండో ముక్క కాస్త గట్టిగా అన్నాను.